లప్పం పగిలిన మధ్యాహ్నం

రెండు గంటల పది నిమిషాలకు నా పెన్ను ‘మ్యాచ్’ అనే మాట సగంలో ఆగిపోయింది. ప్రమాదం ఉందని నాకు మొదట తెలిసింది అప్పుడే. అంతకు ముందు క్షణం దాకా అది నా లెక్కలో ఒక తేడా మాత్రమే. ఉదయం తొమ్మిదింటికి తీసిన ఫొటోలో బండ నున్నగా ఉంది. ఇప్పుడు తీసిన ఫొటోలో అదే బండ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత గీత, జానెడు పొడవున. తేడా కనబడితే రాయడం నా ఉద్యోగం. రాయబోయాను. ఆ బండ కింద తెల్ల గౌను వేసుకుని కూర్చున్నది నా కూతురు.

మూడేళ్ల కిందటి జనవరి అది. కుప్పం వైపు, శాంతిపురానికీ రామకుప్పానికీ నడుమ, పని ఆగిపోయిన ఒక గ్రానైటు క్వారీలో మా సినిమా మూడో షెడ్యూలు జరుగుతోంది. నా హోదా కంటిన్యుటీ సూపర్‌వైజర్. యూనిట్‌లో అంత పొడుగ్గా ఎవరూ పిలవరు. ‘కంటిన్యుటీ ఎక్కడ?’ అని అరిస్తే నేను పలకాలి. సినిమాల్లో నాకు అదే ఆఖరి ఉద్యోగం. ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానంటే మా మదనపల్లెలో నవ్వుతారు. పదకొండేళ్లు చేసిన పనిని వదిలేసి మళ్లీ అటువైపు పోని మనిషిని ఇంకేమనాలో నాకు తెలియదు. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతున్నాను. పిల్లలిద్దరూ నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఈ పేరా ముగిసేలోపు ఒకసారి లేచి గ్యాసు రెగ్యులేటరు చూసి వచ్చాను. అది కట్టేసే ఉంది.

ఈ పని ఏమిటో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సినిమాను కథ వరుసలో తీయరు. ఒక మనిషి తలుపు తీయడం ఈ నెల తీస్తే, ఆ తలుపు దాటి వీధిలో అడుగు పెట్టడం పై నెలలో ఇంకో ఊళ్లో తీస్తారు. రెండూ అతికితే ప్రేక్షకుడికి అది ఒకే అడుగులా కనబడాలి. ఏ చేత్తో తలుపు తీశాడు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయా, గ్లాసులో నీళ్లు ఎంతదాకా ఉన్నాయి, ఇవన్నీ రాసి, షాటు ముగియగానే ఫొటో తీసి దాచేది కంటిన్యుటీ. తేడా వస్తే సంబంధించిన శాఖకు చీటీ పంపాలి. బొట్టు జరిగితే మేకప్‌కు, గుండీ ఊడితే కాస్ట్యూమ్స్‌కు, కుర్చీ జరిగితే ఆర్ట్‌కు. ప్రతి చీటీ చివరా ఒకటే వాక్యం ఉంటుంది: మ్యాచ్ చేయాలి. అంటే మునుపటిలా కనబడేట్టు చేయమని. తేడా ఎందుకు వచ్చిందని అడగడం మా పనిలో లేదు. పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

హోదాల సంగతి కూడా చెప్పాలి. షాటును మొదలుపెట్టేదీ ఆపేదీ దర్శకుడే. ‘కట్’ అనే మాట ఆయన సొంతం. కంటిన్యుటీకి షాటు ముందు ఒక గొంతు ఉంటుంది, షాటు తర్వాత ఒక గొంతు ఉంటుంది. షాటు నడుస్తున్నప్పుడు ఉండదు.

ఇక సినిమా. అది భయానక చిత్రం, అందులోనూ కళాత్మకమైనది. పేరు మూడుసార్లు మారింది కాబట్టి ఏ పేరు చెప్పినా తప్పే అవుతుంది. స్క్రిప్టు పద్దెనిమిది పేజీలు. సీన్లకు నంబర్లు లేవు. ‘తడి’, ‘ఎరుపు’, ‘అమ్మ లేనితనం’ లాంటి పేర్లున్నాయి. ‘తడి’ మూడుసార్లు వస్తుంది, మూడూ వేరు వేరు. మొదటి షెడ్యూలు మదనపల్లెలో ఒక పాత బంగళాలో జరిగింది. పడకగది నిండా మోకాలెత్తు టమాటాలు పోయించి, నడుమ మంచం వేసి, దాని మీద ఒక ముసలావిడను పడుకోబెట్టారు. రెండో షెడ్యూలు పుంగనూరులో. నడుం ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు ఒకటి మేడమెట్లు ఎక్కి, అద్దం ముందు నిలబడి, తన్ను తాను చూసుకుంటుంది. చెప్పాలంటే ఆ రెండు దృశ్యాలూ నేను పనిచేసిన అన్ని సినిమాల్లోకీ అందమైనవి. మానిటర్‌లో చూస్తే ఒళ్లు జలదరించేది. ఎందుకు అని అడిగితే మాత్రం యూనిట్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

నేను అడగాల్సి వచ్చింది. రెండో ‘తడి’లో పాప బతికి ఉందా, చనిపోయిందా అని దర్శకుడిని అడిగాను. చనిపోయాక వచ్చే షాట్లలో జుట్టు తడిగా ఉండాలని ఆయనే మొదట్లో చెప్పి ఉన్నాడు.

“అది ప్రేక్షకుడు తేల్చుకోవాలి సుజాతా” అన్నాడాయన.

“ప్రేక్షకుడు తేల్చుకునేలోగా జుట్టు తడపాలా వద్దా అని మేకప్ వాళ్లు అడుగుతున్నారు సార్” అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, సగం తడపమన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. యూనిట్‌లో అందరితో కలిసి భోంచేసేవాడు. ఆయనకు కథ అక్కర్లేదు, బొమ్మ కావాలి. బొమ్మలో ఒక్క మరక ఉన్నా భోజనం సహించేది కాదు.

పాప వేషానికి బెంగళూరు నుంచి ఒక పిల్లను తెచ్చారు. మూడో షెడ్యూలుకు ముందు ఆ పిల్ల తల్లిదండ్రులు స్క్రిప్టు చదివారు. అర్థం చెప్పమని దర్శకుడిని అడిగారు. ఆయన చెప్పాడు. ఆ సాయంత్రమే వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు. శనివారమని నా దగ్గరికి వచ్చిన మా జాహ్నవి అప్పుడు ఆయన కంటపడింది. అంతదాకా పాపను వెనకనుంచే తీశారు కాబట్టి మనిషి మారినా అతుకుతుందన్నారు. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు. మూడో షెడ్యూల్లో వేషమంతా కదలకుండా కూర్చోవడమే అన్నారు. నేను పక్కనే ఉంటాను గదా, ఏమవుతుంది అనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా. పిల్లల విషయంలో నాకు భయమెక్కువ. రాత్రి ఊపిరి అందుతోందా అని వేలు ముక్కు దగ్గర పెట్టి చూసే రకాన్ని. అలాంటిదాన్ని నేనే ఒప్పుకున్నాను.

క్వారీ అంటే ఊహించుకోండి. కొండను మెట్లుమెట్లుగా కోసి వదిలేశారు. అడుగున గుంట, గుంటలో మోకాలి లోతు నీళ్లు. ఒక పక్కన పెద్ద బండ ఒకటి ఇంటి చూరులా ముందుకు వంగి ఉంది. ఆ బండ నీడలో చిన్న రాతి అరుగు. ఆ అరుగు మీద తెల్ల గౌనులో పాప కూర్చుని ఉంటుంది. పాప మణికట్టుకు పుంగనూరు ఆవు పలుపు కట్టి ఉంటుంది. నీళ్ల మీద వందలకొద్దీ టమాటాలు తేలుతుంటాయి. నాలుగు నిమిషాలు ఏమీ జరగదు. అదే ‘అమ్మ లేనితనం’. పైనుంచి గుంటలోకి కెమెరా దిగడానికి జిబ్ అనే పొడుగాటి చేయి వాడతారు. ఒక కొసన కెమెరా వేలాడితే రెండో కొసన దానికి సమతూకంగా ఇనుప గుండ్లు వేస్తారు. ఆ గుండ్లతో సహా జిబ్‌ను ఆ వంగిన బండకు సరిగ్గా పైమెట్టు మీద నిలబెట్టారు. అక్కణ్నుంచి బొమ్మ బాగుంటుందని.

మొదటిరోజు ఒక టేకు పాడైంది. నేను పక్కనుంచి చెయ్యి ఊపితే జాహ్నవి నవ్వేసింది. దర్శకుడు ముఖం మాడ్చుకున్నాడు. నేను దాన్ని పక్కకు తీసుకుపోయి గట్టిగా చెప్పాను: “చీమ కుట్టినా కదలొద్దు. ఎవురు పిల్సినా కదలొద్దు. నేను పిల్సినా కదలొద్దు. సార్ కట్ అంటేనే లేవల్ల.” అది బుద్ధిగా తలూపింది.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో కూర్చుని పొద్దుటి ఫొటోలు, మధ్యాహ్నం ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. బండ ఎడమవైపు సన్నటి గీత ఒకటి మధ్యాహ్నం ఫొటోల్లో ఉంది, పొద్దుటి వాటిలో లేదు. అలవాటు ప్రకారం ఆర్ట్ వాళ్లకు చీటీ రాశాను. ‘పెద్దబండ, ఎడమవైపు గీత. పొద్దుటి షాట్లలో లేదు. మ్యాచ్ చేయాలి.’ కింద సంతకం, టైము. ఆ చీటీ కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. మంచి దస్తూరి.

ఆర్ట్ శాఖలో మదనపల్లె నుంచి తీసుకున్న కరీముల్లా అనే ఆయన ఉండేవాడు. సైన్‌బోర్డులు రాసే పని, నలభై దాటిన మనిషి. రెండోరోజు పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ గీతను లప్పంతో పూడ్చాడు. లప్పమంటే గోడల పగుళ్లు పూడ్చే ముద్ద. దాని మీద నాలుగు రంగులు కలిపి, బ్రష్షుతో చుక్కలు కొట్టి, గ్రానైటు పొడలు దించాడు. కిందికి దిగాక గీత ఎక్కడుండేదో ఆయన కూడా చూపించలేకపోయాడు. నేను తొమ్మిదింటికి ఫొటో తీసుకుని, చీటీ పక్కన టిక్కు పెట్టాను.

ఇక మళ్లీ రెండుగంటల పది నిమిషాలకు వద్దాం. భోజనాలయ్యాయి. మూడు టేకులు అయ్యాయి, ఏదీ దర్శకుడికి నచ్చలేదు. గుంటలోకి ఎండ రెండున్నర దాకే పడుతుంది. ఐదింటికల్లా మొత్తం సర్దుకుని వెళ్లిపోవాలి, చీకటి పడితే ఏనుగులు ఆ వైపు రాగి చేలలోకి దిగుతాయని ఊరివాళ్లు ముందే చెప్పారు. నాలుగో టేకే ఆ రోజుకు ఆఖరిది. నేను మామూలుగా ఫొటో తీశాను. మామూలుగా పోల్చాను. మామూలుగా పెన్ను తీశాను.

చీటీ మడిచి జేబులో పెట్టుకుని కరీముల్లా దగ్గరికి పోయి, నీ లప్పం పగిలింది అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

“నా లప్పమా? యాడ? పదిహేడేండ్లుగా బోర్డులు రాస్తాండా మేడం. మా వీధిలో వానకు గోడలు పడినాయి గానీ నా లప్పం ఊడ్లేదు.”

ఫొటో పెద్దది చేసి చూపించాను. ఆయన ఫోను కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. కోపం పోయింది.

“ఇది ఎండి పగిలింది గాదు మేడం. ఎండితే సాలెగూడు మాదిరి సన్నసన్నగా పగుల్తాది. ఇది ఒకే గీత. లోపలుండేది చీల్తేనే పైన ఇట్ల చీల్తాది.” తర్వాత తనలో తాను ఉర్దూలో ఏదో అన్నాడు. అందులో అల్లా పేరొక్కటే నాకు అర్థమైంది.

క్వారీకి కాపలా ఉండే మునెప్ప కొంచెం ఎగువన టార్పాలిను కింద కూర్చుని ఉన్నాడు. శాంతిపురం మనిషి, ముప్పై ఏళ్లు రాయి కొట్టినవాడు, కుడిచేతికి ఒక వేలు లేదు. పరుగున పోయి అడిగాను, ఆ బండ మీద గీతను ఎప్పుడైనా చూశావా అని.

“సూడకేమమ్మా” అన్నాడు తాపీగా. “పొద్దున మీవోళ్లు పూస్తాంటే గూడా సూస్తిని. మేము మన్ను పూస్తాము, మీరేమో లప్పం పూసినారు. అంతే గదా.”

“మీరు మన్ను ఎందుకు పూస్తారు?”

“యాలేంది? రాయి నిలిసుండాదా, నడస్తాండాదా సూసేకి. పగులు మింద మన్ను పూసి గంటకోతూరి పోయి సూస్తాం. మన్ను పగిలిందంటే రాయి నడస్తాండాదని. ఆ పొద్దు ఎవురూ కిందికి దిగరు.”

మేము పూసింది పగులు కనబడకుండా ఉండటానికి అని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు.

“దాసిపెట్టేకా?” అన్నాడు. “అయ్యో. సినిమావోళ్లు సదువుకున్నోళ్లు, మాకంటే నాజూగ్గా పూసినారే అనుకొంటిని. నువ్వు గూడా గంటగంటకీ వచ్చి ఫొటో తీస్తాంటివే. ఆయమ్మ సూసుకుంటాండాది, బిడ్డను కూసోబెట్టినారంటే సూసుకొనే కూసోబెట్టింటారు అనుకొంటిని.”

“లప్పం పగిలింది మునెప్పా.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఎప్పుడు?”

“తొమ్మిదింటికి లేదు. ఇప్పుడుంది.”

“పైన ఆ ఇనపగుండ్లు దించమను. అది తర్వాత. ముందు బిడ్డను తీయమను.”

నేను రిపోర్టు చేయాల్సింది అసోసియేట్ డైరెక్టరుకు. సెట్టు మీద దర్శకుడి తర్వాత ఆయనే. చెప్పాను. ఆయన వాచీ చూసి, ఎండ ఇంకా పావుగంటే ఉందనీ, ఈ టేకు కానిచ్చి కరీముల్లాతో మళ్లీ పూయిద్దామనీ అన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేను. పొద్దున నేను చేసిందీ అదే.

ఆయన్ను దాటి దర్శకుడి దగ్గరికి పోయాను. అలా దాటి పోవడం అదే మొదటిసారి. ఆయన మానిటరు ముందు కూర్చుని ఉన్నాడు. బండ కదులుతోంది, పాపను తీయాలి అన్నాను. ఆయన శాంతంగా విన్నాడు. లక్షల ఏళ్లుగా ఉన్న రాయి, ఇంకో నాలుగు నిమిషాలు ఉండదా అన్నాడు. జంతువులకు ప్రమాదం ముందే తెలుస్తుందని చెప్పి ఆవును చూడమన్నాడు. ఆవు తనకు అందిన ప్రతి టమాటానూ నింపాదిగా తింటోంది. నాలుగో టేకుకు టమాటాలు ఎన్ని తగ్గాయో ఆ క్షణంలోనూ నా కళ్లు లెక్కపెట్టాయి. అలవాటు అంత చెడ్డది.

అప్పుడు నాకున్న ఒకే ఒక్క ఆయుధం తీశాను. “గీత ఫ్రేములో కనబడుతోంది సార్. బొమ్మ పాడవుతుంది.”

ఆయన వెంటనే ముందుకు వంగి మానిటరు చూశాడు. నిన్నంతా ఆ బండ మీద ఒక్క మరక ఉండకూడదని, అది ఆకాశమని చెప్పిన మనిషి ఇప్పుడు ఆ గీతను చాలాసేపు చూశాడు.

“బాగుంది” అన్నాడు. “ఉండనివ్వండి. కథకు కావాలి.”

ఏ కథకు అని అడిగే తీరిక లేదు. అసోసియేట్ ‘సైలెన్స్’ అన్నాడు. కెమెరా తిరిగింది, సౌండు తిరిగింది, క్లాపు పడింది. దర్శకుడు యాక్షన్ అన్నాడు. అరవైమంది ఊపిరి బిగబట్టారు. మా వృత్తిలో అంతకు మించిన నిశ్శబ్దం ఉండదు. ఆ నిశ్శబ్దంలో గుంట ఒడ్డున నిలబడి నేను మొదట చెయ్యి ఊపాను. జాహ్నవి చూసింది. కదల్లేదు.

“జానూ, రా” అన్నాను, పైకే.

కళ్లు మాత్రం ఒక్కసారి నావైపు తిరిగి మళ్లీ ఎదుటికి పోయాయి. వీపు నిటారుగా పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బండ కింద కూర్చునే ఉంది. నేను నేర్పింది నేర్పినట్టే చేస్తోంది. కట్ అనే మాట కోసం చూస్తోంది. ఆ మాట అనాల్సిన మనిషి మానిటరులోంచి తల ఎత్తలేదు.

ఫ్రేములోకి నడిచాను. పదకొండేళ్లలో నా నీడ కూడా ఫ్రేములో పడలేదు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. టమాటాలు పక్కకు జరిగి మళ్లీ వెనక కలుసుకున్నాయి. చంకలో కంటిన్యుటీ ఫైలు, మెడలో యూనిట్ కార్డు, జడముడిలో పెన్సిలు. ఫైలు ఒడ్డున పెట్టాలని కూడా తోచలేదు. అరుగు దగ్గరికి పోయి పాప చెయ్యి పట్టుకుంటే అది పెదవులు కదపకుండా “కట్ అన్లేదు మా” అంది. ఎత్తుకున్నాను. మణికట్టు పలుపు ఆవు దగ్గర బిగిసింది. ఆవుకు రావాలని లేదు, దాని టమాటాలు ఇంకా మిగిలి ఉన్నాయి. ముడి విప్పబోతే గోరు కూడా దిగలేదు. అప్పుడు వెనకనుంచి మునెప్ప నీళ్లలోకి దిగివచ్చి, పలుపును ఒక్క గుంజు గుంజి ముడి విప్పి, ఆవును తానే లాక్కుపోయాడు. పోతూ దాన్ని తిట్టిన తిట్టు సౌండ్ ట్రాకులో స్పష్టంగా పడింది.

మేము ఒడ్డుకు చేరాక కూడా కెమెరా తిరుగుతూనే ఉంది. ఖాళీ అరుగు, వంగిన బండ, ఊగుతున్న టమాటాలు. చాలాసేపటి తర్వాత దర్శకుడు కట్ అన్నాడు. మెల్లగా, పరవశంగా అన్నాడు. ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, లేచి అరిచాడు.

బండ పడలేదు. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. రెండున్నర అయింది, ఎండ పోయింది, బండ పడలేదు. నాలుగున్నరకు వ్యాన్లు కదిలినప్పుడు కూడా అది అలాగే ఉంది. అంతమంది ముందు ఒక రాయి పడనందుకు సిగ్గుపడాల్సి రావడం ఎలా ఉంటుందో నేను వర్ణించలేను. అసోసియేట్ మర్యాదగానే చెప్పాడు, రేపటినుంచి నేను రానక్కర్లేదని. ఆ మర్నాడు వాళ్లు ఆ గుంటలో తీయలేదు. నా మాట విని కాదు, ఆవు యజమాని పుంగనూరునుంచి వచ్చి ఆవును తోలుకుపోయాడట. ఫైలు అప్పగించేముందు ఆ జేబులోని చీటీ విప్పి, సగంలో ఆగిన మాట కొట్టేసి, కింద ఇలా రాశాను: ‘రాయి కదులుతోంది. మ్యాచ్ చేయవద్దు. కింద ఎవరినీ ఉంచవద్దు.’ సంతకం, టైము.

సుమారు మూడువారాలకు మునెప్ప ఫోను చేశాడు. “పడిందమ్మా” అన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు. అరుగు యాడుందో గూడా ఇప్పుడు తెలీదన్నాడు. ఆ సంగతి దర్శకుడికి చేరితే, ఇంకో మూడువారాలు అక్కడే ఉండి ఉంటే ఆ షాటు దొరికేది గదా అన్నాడని విన్నాను. విన్నదే, నిజమో కాదో తెలియదు. ఆయన అనగలడు మాత్రం.

సినిమా ఏడాదిన్నర తర్వాత బయటికి వచ్చింది. దృశ్యాలు అద్భుతమనీ, కథ ఎవరికీ అంతుపట్టదనీ చూసినవాళ్లందరూ ఒకే మాట అన్నారు. నేను ఫోనులో చూశాను. రెండో ‘తడి’లో జుట్టు సగమే తడిసి ఉంది. దాన్ని జీవన్మరణాల సంధి అని ఒకాయన రాశాడు. నాలుగో టేకు మొత్తంగా ఉంచేశారు, నేను నీళ్లలో నడిచిరావడంతో సహా. దాని మీద ఒక విమర్శకుడు రెండు పేజీలు రాశాడు. చంకలో చిట్టా పెట్టుకుని, జడలో కలం దోపుకుని పాప ప్రాణం కోసం వచ్చిన ఆ స్త్రీ చిత్రగుప్తుడి ప్రతిరూపమట. మెడలో కార్డు నేటి ఉద్యోగి ధర్మానికి సంకేతమట. మునెప్ప ఎవరో ఆయన తేల్చలేదు. చివర పేర్లలో కంటిన్యుటీ దగ్గర నా పేరు లేదు. నటుల్లో మాత్రం ‘ఫైలు స్త్రీ’ అని ఉంది.

నేను పాప ప్రాణం తీయడానికి వచ్చానని ఆయన రాసినదాంట్లో కొంత నిజం ఉందని మాత్రం ఒప్పుకుంటాను. ఆ పగులు మూయించింది నా చీటీ. క్వారీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి చూసి కూడా నోరు మూసుకున్నాడంటే, గంటగంటకూ ఫోను పట్టుకుని తిరిగిన నన్ను నమ్మి. నేను చూశాను, రాశాను, పోల్చాను. ఎందుకు అని మాత్రం అడగలేదు. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు ఇప్పటికీ నాకు ఫోను చేసి సలహా అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేది ఒకటే. తేడా కనబడితే ముందు అది ఎందుకు వచ్చిందో కనుక్కో. చీటీ తర్వాత రాయి.

క్వారీనుంచి వచ్చేసిన మర్నాటి పొద్దున ఇవేవీ నాకు తెలియవు. బండ నిలబడే ఉంది, ఉద్యోగం పోయింది. మదనపల్లెలో మా ఇంట్లో జాహ్నవి పాలగ్లాసు ముందు పెట్టుకుని అలిగి కూర్చుంది. దాని తమ్ముడు, నాలుగేళ్లవాడు, రాయి పడిందా అని అడిగాడు.

“పడలేదు” అన్నాను.

“మరి యాల వచ్చినావు మా?” అంది జాహ్నవి. “నేను కదల్లేదు గదా. నువ్వే చెడగొట్టినావు.”

ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. “ఆ రాయి పడుతుందో లేదో నాకు తెలీదు. ఎప్పటికీ పడకపోవచ్చు. అప్పుడు అందరూ మీ అమ్మ పిచ్చిది అంటారు, అననీండి. పగులు మూసేయమని రాసింది నేనే. నేను పిల్సినా కదలొద్దని నీకు చెప్పింది నేనే. రెండూ తప్పే. ఇంకమీద ఏదన్నా తేడాగా అనిపిస్తే, కట్ అని ఎవురూ అనకపోయినా లేచి వచ్చేయండి. తిట్లుంటే నేను పడతాను.”